చుట్టరికం తెలిస్తే ఏడు గుంబజ్‌లు వేరేలా కనిపిస్తాయి
(ఒక లైబ్రరీలో సాయంత్రం జరిగిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? మైక్ కొంచెం దగ్గరికి పెట్టమ్మా... ఆ, ఇప్పుడు సరిపోయింది.

నేను ముప్పై ఏళ్ళకి పైగా సోషల్ చెప్పిన టీచర్ని, రిటైర్ అయి కొన్నేళ్ళు అయింది. ఇవాళ నన్ను హైదరాబాద్ చరిత్ర గురించి మాట్లాడమన్నారు కానీ అంత పెద్దది ఒక గంటలో ఎక్కడ అవుతుంది చెప్పండి, అందుకని ఒక్క చోటు గురించే మాట్లాడతాను. గోల్కొండని ఏలిన కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులు. మనవాళ్ళు సెవెన్ టూంబ్స్ అంటారు, పాతవాళ్ళు సాత్ గుంబజ్ అంటారు, అంటే ఏడు గుమ్మటాలు, ఇప్పుడు బోర్డు మీద హెరిటేజ్ పార్క్ అని ఉంటుంది. గోల్కొండ కోటకి బంజారా దర్వాజా అని ఒకటుంది కదా, అది దాటి ఉత్తరంగా వెళ్తే ఒక కిలోమీటరు ఉంటుందేమో, అంతే.

ఇక్కడ ఎంతమంది వెళ్ళారు, చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మళ్ళీ రెండోసారి వెళ్ళినవాళ్ళు? చూశారా, తగ్గిపోయారు. కోటకి వెళ్ళినరోజే చివర్లో ఎండకి అలిసిపోయి ఇక్కడికి వస్తాం, ఒక గుంబజ్ చూస్తాం, రెండు చూస్తాం, మూడోదాని దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకేలా ఉన్నాయి పదండి అనేస్తాం. నేను కూడా పిల్లల్ని బస్సులో తీసుకెళ్ళి మొదట్లో అలాగే చూపించేదాన్ని, పేరు చెప్పడం, సంవత్సరం చెప్పడం, లైనుగా నడిపించడం.

ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడు లైన్లోంచి బయటికి వచ్చి ఒక చిన్న కట్టడం దగ్గర నిలబడిపోయాడు. టీచర్, ఇది మిగతావాటికన్నా చిన్నగా ఎందుకుంది, ఎవరిది అన్నాడు. సుభాన్‌ది అన్నాను. సుభాన్ ఎవరు అన్నాడు. జంషీద్ కొడుకు అన్నాను. జంషీద్ ఎవరు అంటే, సుల్తాన్ కులీ కొడుకు అన్నాను. వాడు వెంటనే, అంటే వీళ్ళ నాన్న అటు, వీళ్ళ తాత ఇటు, వీడు మధ్యలోనా టీచర్ అన్నాడు. నిజమే. ఆ చిన్న సమాధి సరిగ్గా తాత సమాధికీ తండ్రి సమాధికీ మధ్యలో ఉంటుంది. అన్నేళ్ళుగా పాఠం చెప్తున్న నాకు ఆ మాట వాడి నోట్లోంచి వచ్చేదాకా తట్టలేదండి. ఆ రోజు నుంచి నేను ఆ తోటని రాజుల లిస్టులా చూడటం మానేశాను. అది ఒక కుటుంబం. మనం కొత్త చుట్టాలింటికి వెళ్తే ముందు ఎవరు ఎవరికి ఏమవుతారో అడుగుతాం కదా, ఆ తర్వాతే మాట కలుస్తుంది. అక్కడా అంతే.

సరే, ఆ తాత దగ్గర మొదలుపెడదాం. సుల్తాన్ కులీ పర్షియాలో హమదాన్ ప్రాంతం నుంచి వచ్చి బహమనీల కొలువులో పైకొచ్చాడు, 1518 నుంచి గోల్కొండ ఆయనది అయింది. ఆయన సమాధి ఆయనే బతికుండగా కట్టించుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్ళ వాటి పక్కన పెట్టి చూస్తే చాలా సాదాగా ఉంటుంది. శాసనంలో ఆయన్ని బడే మాలిక్ అన్నారు, పెద్ద యజమాని అని. 1543లో, బాగా పెద్ద వయసులో, నమాజులో ఉండగా చంపేశారు. చేయించింది కొడుకు జంషీదే అని చరిత్రకారులు రాశారు. అంతటితో ఆగలేదు, పట్టానికి రావలసిన అన్నకి కళ్ళు పీకించాడు. ఇంకో తమ్ముడు ఇబ్రహీం ప్రాణభయంతో పారిపోయాడు. ఎక్కడికి పారిపోయాడో ఇప్పుడే చెప్పను, ఆయన దగ్గరికి వెళ్ళాక చెప్తా.

జంషీద్ ఏడేళ్ళు ఏలి 1550లో జబ్బుతో పోయాడు. ఆయన సమాధి దగ్గర రెండు సంగతులు చూడండి. ఒకటి, ఇది నలుచదరం కాదు, ఎనిమిది పలకలు, రెండంతస్తులు. రెండోది, కొడుకు సుభాన్‌ది తప్పిస్తే మిగతా సుల్తానుల సమాధుల మీద నల్ల బసాల్ట్ రాతిలో చెక్కిన శాసనాలుంటాయి, ఖురాన్ వాక్యాలు, పేరు, పోయిన తేదీ, ఎంత అందమైన చేతిరాతో, ఆ రాయి మీద చెయ్యి పెట్టకుండా ఉండటం కష్టం (పెట్టకండి దయచేసి). జంషీద్‌కి అది లేదు. ఎందుకు లేదు అని నన్ను పిల్లలు ఎప్పుడూ అడుగుతారు. నేను కారణం చెప్పను, చూసి మీరే అనుకోండి అంటాను. తండ్రి పేరు రాతిలో బడే మాలిక్ అని ఉంది, తండ్రిని చంపించినవాడి పేరు రాతిలో లేదు.

ఇక ఆ పిల్లాడు. జంషీద్ పోగానే సుభాన్‌ని సింహాసనం మీద కూర్చోబెట్టారు, చిన్నపిల్లాడు, ఆ ముచ్చట కొన్ని నెలలే. వాణ్ణి ఛోటా మాలిక్ అనేవాళ్ళు. బడే మాలిక్ ఒకవైపు, ఛోటా మాలిక్ మధ్యలో. ఆ గుంబజ్ మీద నిలువు గాళ్ళు ఉంటాయి, దోసకాయ మీద చారల్లాగా, మిగతావి నున్నగా ఉంటే ఇది అలా ఉంటుంది, అందుకని చిన్నదైనా కంటికి ఆనుతుంది. నేను ఎప్పుడు వెళ్ళినా అక్కడ ఎక్కువసేపు కూర్చుంటాను. ఎవ్వరూ ఉండరు అక్కడ. జనమంతా పెద్దవాటి దగ్గర ఫోటోలు దిగుతుంటారు, ఇక్కడ పావురాల రెక్కల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. అంత పెద్ద సిటీ చుట్టూ ఉందని గుర్తు కూడా రాదండి.

ఇప్పుడు ఇబ్రహీం. ఈయన ఎక్కడికి పారిపోయాడు అన్నాను కదా, విజయనగరానికి. అక్కడ రాజ్యం నడిపిస్తున్న అళియ రామరాయల దగ్గర ఏడేళ్ళు ఉన్నాడు, 1543 నుంచి 1550 దాకా. తెలుగు అక్కడే వంటపట్టింది. తిరిగొచ్చి సుల్తాన్ అయ్యాక తెలుగు కవులు ఈయన్ని మల్కిభరాముడు అన్నారు. మలిక్ ఇబ్రహీం అన్న పేరు తెలుగువాడి నోట్లో పడి ఎంత కమ్మగా మారిందో వినండి, మల్కిభరాముడు, చివర్న రాముడు కూడా వచ్చి కూర్చున్నాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఈయనకే అంకితం ఇచ్చాడు. ఈయన కొలువులో పెద్ద ఉద్యోగి అమీన్ ఖాన్, పటాన్‌చెరువు ఆయన, ఆయనకి పొన్నిగంటి తెలగనార్యుడు యయాతి చరిత్ర అంకితం ఇచ్చాడు, అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం అదే. సంస్కృతం మాట లేకుండా తెలుగు కావ్యం రాస్తే దాన్ని అందుకున్నది ఒక ఖాన్ గారు. నేను ఈ మాట క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు నమ్మలేనట్టు చూసేవాళ్ళు, నాకేమో చెప్తుంటే ఒళ్ళు పులకరించేది, ఇప్పుడు కూడా చూడండి.

కానీ దీంట్లో ఇంకో సంగతి కూడా ఉంది, దాచకూడదు. ఏడేళ్ళు అన్నం పెట్టిన రామరాయల మీదికే 1565లో మిగతా సుల్తానులతో కలిసి ఇబ్రహీం యుద్ధానికి వెళ్ళాడు. తళ్ళికోట యుద్ధం అని మనం చదువుకున్నది అదే. ఆ యుద్ధంలో రామరాయలు చనిపోయాడు. ఇబ్రహీం సమాధి ముందు నిలబడ్డప్పుడు నాకు ఈ రెండూ ఒకేసారి గుర్తొస్తాయి, మల్కిభరాముడూ, తళ్ళికోటా. ఒకటి తలుచుకుని ఇంకోటి వదిలేస్తే ఆ మనిషి మనకి పూర్తిగా తెలిసినట్టు కాదు.

ఆ గోడ మీద అక్కడక్కడా రంగు పలకల ముక్కలు మిగిలున్నాయి, జాగ్రత్తగా వెతికితే కనిపిస్తాయి. ఇవాళ మనం చూసే తెల్లటి, బూడిద రంగు గుంబజ్‌లు అప్పట్లో అలా లేవు. నీలం, ఆకుపచ్చ మెరుగు పలకలు అంటించి ఉండేవి. పొద్దున ఎండలో ఆ గుంబజ్‌లన్నీ మెరుస్తుంటే కోట బురుజు మీంచి చూసినవాళ్ళకి ఎలా ఉండేదో కదా.

ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ. ఈయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు, 1591లో చార్మినార్ కట్టించి హైదరాబాద్ మొదలుపెట్టింది ఈయనే. ఈయనది అన్నిటికన్నా పెద్ద సమాధి, ఎత్తైన అరుగు మీద కట్టారు, ఎత్తు నలభై మీటర్లు దాటుతుంది. ముందున్న రాతి స్తంభాలు చూడండి, తోరణాల మధ్యలో నిటారుగా, దేవాలయం మండపం గుర్తొస్తుంది. గుంబజ్ అడుగున తామర రేకులు ఉంటాయి, ఒక పెద్ద తామరపువ్వులోంచి గుంబజ్ పైకి వస్తున్నట్టు. పర్షియా పద్ధతి, దక్కన్ రాయి, మన తామర, ఇవి మూడూ కలిస్తేనే ఆ ఆకారం. ఇంకోటి, పైన మనకి కనపడే నల్లరాతి సమాధి గుర్తు మాత్రమేనండి, అసలు ఖననం చేసింది కింద నేలమాళిగలో.

ఇక్కడి నుంచి నాకు ఇష్టమైన మనిషి కథ మొదలవుతుంది. మహమ్మద్ కులీకి కొడుకులు నిలవలేదు, వారసురాలిగా ఒక్క కూతురు, హయాత్ బక్షీ బేగం. ఆమెని తన తమ్ముడి కొడుకు మహమ్మద్‌కిచ్చి చేశాడు, అంటే మన లెక్కలో బాబాయి కొడుకు, మనం చేసుకోం, వాళ్ళలో చేసుకుంటారు. ఆ మహమ్మద్ 1612లో సుల్తాన్ అయ్యి 1626లో పోయాడు. కొడుకు అబ్దుల్లాకి అప్పటికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. అంత చిన్న పిల్లాడు రాజ్యం ఏం ఏలతాడు, అమ్మే చూసుకుంది. అంటే ఈమె ఒక సుల్తాన్ కూతురు, ఒక సుల్తాన్ భార్య, ఒక సుల్తాన్ తల్లి. విజయవాడ హైవే మీద హయత్‌నగర్ ఉంది చూడండి, రోజూ బస్సు బోర్డు మీద చదువుతాం, అది ఈమె పేరే.

1656లో ఔరంగజేబు, అప్పటికింకా చక్రవర్తి కాలేదు, దక్కన్ సుబేదారు, గోల్కొండ మీదికి వచ్చాడు. కోట చుట్టూ మొఘల్ సైన్యం. అప్పుడు ఈ ముసలావిడ స్వయంగా సంధి మాటలకి వెళ్ళింది. ఆ సంధిలో భాగంగా అబ్దుల్లా కూతుర్ని ఔరంగజేబు పెద్దకొడుక్కి ఇచ్చి పెళ్ళి చేశారు. అంటే శత్రువు వియ్యంకుడు అయ్యాడు. అయినా ముప్పై ఏళ్ళకి మళ్ళీ వచ్చాడు లెండి. ఆమె 1667లో పోయింది. ఆమె సమాధి సుల్తానుల సమాధులకి ఏమాత్రం తీసిపోదు, పక్కనే పెద్ద మసీదు ఉంది, 1666 నాటిది. మీరు వెళ్తే ఆ రెండిటికీ మధ్యనున్న ఖాళీలో ఒక్క పది నిమిషాలు ఊరికే ఉండండి. ఆడవాళ్ళ పేరుతో ఇంత పెద్ద కట్టడం మన చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయి చెప్పండి.

ప్రేమామతి, తారామతి పేర్లు విన్నారుగా, అబ్దుల్లా కొలువులో పాడి ఆడినవాళ్ళు, వాళ్ళ సమాధులు కూడా ఇక్కడే ఉన్నాయి. అలాగే హకీములవి, సుల్తాన్‌కి వైద్యం చేసినవాళ్ళవి. కుటుంబం అన్నాను కదా, ఇంట్లో అందరూ ఉంటారు.

[ఒక శ్రోత: మేడం, స్నానాల గది అని ఒకటి చూశాం, అదేంటి?]

అడిగారు, మంచిది, నేను మర్చిపోయేదాన్ని. అది హమామ్. ఖననానికి ముందు దేహాన్ని అక్కడ కడిగేవాళ్ళు. వేడినీళ్ళకి, చన్నీళ్ళకి తొట్లు, కాలువలు అన్నీ ఉన్నాయి, మధ్యలో ఒక తిన్నె, దానికి పన్నెండు పలకలు. వీళ్ళు షియాలు, పన్నెండుమంది ఇమాంలకి గుర్తుగా అలా చేశారని చెప్తారు. పైన చిన్న చిన్న కన్నాల్లోంచి వెలుతురు పడుతుంది. అక్కడికి వెళ్ళినప్పుడు మాత్రం కొంచెం గొంతు తగ్గించుకోండి. రీల్స్ తీసేవాళ్ళు తిన్నె ఎక్కి నిలబడతారు, నాకు బాధగా ఉంటుందండి, అది మనింట్లో అయితే ఎక్కుతామా.

ఇప్పుడు ఒక ఐదు నిమిషాలు రిపేర్ల గురించి చెప్పాలి, ఎందుకంటే ఇవాళ మనం అక్కడ అంత ప్రశాంతంగా కూర్చోగలుగుతున్నాం అంటే దాని వెనక చాలామంది చేతులున్నాయి. నేను పిల్లల్ని తీసుకెళ్ళే రోజుల్లో గోడల మీద నల్లటి మరకలు, పగుళ్ళు, పగిలినచోటల్లా సిమెంట్ మెత్తేసి ఉండేది. సిమెంట్ పెడితే గట్టిగా ఉంటుంది కదా అనుకుంటాం. కానీ పాత గోడ సున్నంతో కట్టింది, అది తేమని పీల్చుకుని బయటికి వదులుతూ ఉంటుంది, మనిషి ఒంటికి చెమట పట్టినట్టు. దాని మీద సిమెంట్ పూత పూస్తే లోపలి తేమకి దారి ఉండదు, లోపల్లోపలే రాయీ సున్నం పాడైపోతాయి, చివరికి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది.

2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్ళూ మన రాష్ట్ర వారసత్వ శాఖా కలిసి ఆ సిమెంట్ అంతా గీకి తీసేశారు. మళ్ళీ సున్నమే వేశారు. మన పెద్దవాళ్ళు డంగు సున్నం అనేవాళ్ళే, గానుగలో ఇసుకా సున్నం వేసి రోజుల తరబడి తిప్పి మెత్తగా రుబ్బడం, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలపడం, పాత ఇళ్ళు కట్టిన తాపీ మేస్త్రీలకి తెలుసు అది. మా తాతగారి ఊళ్ళో ఇల్లు అలా కట్టిందే, వేసవిలో లోపలికి అడుగుపెడితే చల్లగా ఉండేది. నేను ఒకరోజు వెళ్ళేసరికి ఒక పెద్దాయన మసీదు గోడ మీద పూత నునుపు చేస్తున్నాడు, చిన్న తాపీతో, ఒక మూర జాగా పొద్దుటి నుంచి చేస్తున్నాడట. ఎంతసేపు పడుతుందండీ అంటే, ఇది ఆరుతూ ఉంటే మనం తోముతూ ఉండాలమ్మా, తొందరపడితే బీటలిస్తది అన్నాడు. ఆయన పేరు అడగలేదు నేను, అడగాల్సింది.

అదే 2013లో వానలకి బడీ బావ్లీ, పెద్ద దిగుడు బావి, దాని గోడ ఒకవైపు కూలిపోయింది. నేను చూశాను, రాళ్ళన్నీ లోపల కుప్పగా పడిపోయి నీళ్ళు కూడా కనపడలేదు. ఇంక అయిపోయిందిలే అనుకున్నాను. వాళ్ళు ఆ రాళ్ళు తీసి మళ్ళీ గోడ లేపారు. ఇప్పుడు వానాకాలం వెళ్ళి చూడండి, మెట్లు సగం దాకా మునిగి ఆకాశం అంతా అందులో ఉంటుంది. ఆ వాన నీళ్ళే తోటకి వాడుతున్నారు. గోల్కొండ దిగుడు బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వాళ్ళు అవార్డ్ ఆఫ్ డిస్టింక్షన్ ఇచ్చారు. 2024 జూలైలో మొత్తం పార్కు పని పూర్తయిందని ప్రకటించారు. నూట ఆరు ఎకరాలు, చిన్నా పెద్దా కలిపి వంద దాకా కట్టడాలు. ఏడు గుంబజ్‌లు అన్న పేరులో ఏడే ఉన్నాయి గానీ అక్కడున్నవి ఎన్నో చూడండి.

[ఇంకొక శ్రోత: సుల్తానులు ఎనిమిది మంది కదా, మరి తానీషా సమాధి ఎక్కడ?]

ఆ, దీనికోసమే చూస్తున్నాను, ఎవరైనా అడుగుతారా అని. మీరు సరిగ్గా లెక్క పెట్టారు. సుల్తాన్ కులీ, జంషీద్, సుభాన్, ఇబ్రహీం, మహమ్మద్ కులీ, మహమ్మద్, అబ్దుల్లా, ఏడుగురు. ఎనిమిదో ఆయన అబుల్ హసన్ తానీషా. మన అందరికీ బాగా తెలిసింది ఈయనే, భద్రాచలం రామదాసు కథలో తానీషా, అక్కన్న మాదన్నలని మంత్రులుగా పెట్టుకున్న తానీషా. అబ్దుల్లాకి కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్ళు. పెద్దల్లుడు నిజాముద్దీన్ అహ్మద్, రెండో అల్లుడు ఔరంగజేబు కొడుకు, మూడో అల్లుడు తానీషా. రాజ్యం మూడో అల్లుడికి వచ్చింది, 1672లో.

పెద్దల్లుడి సమాధి అక్కడ ఉంది, అది అసంపూర్తిగా ఆగిపోయింది. గోడలు లేచాయి, పని మధ్యలో నిలిచిపోయింది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ పడిపోయింది, ఔరంగజేబు తానీషాని పట్టుకెళ్ళి దౌలతాబాద్ కోటలో పెట్టాడు. పన్నెండేళ్ళ పైన అక్కడే బందీగా ఉండి అక్కడే పోయాడు. ఖుల్దాబాద్‌లో ఖననం చేశారు. మామ, మామగారి తల్లి, తాతలు ముత్తాతలు అందరూ ఇక్కడ ఒక్కచోట ఉంటే ఈయన ఒక్కడూ ఐదు వందల కిలోమీటర్ల అవతల ఉన్నాడు. ఔరంగజేబు సమాధి కూడా ఆ ఖుల్దాబాద్‌లోనే ఉంది. పట్టుకెళ్ళినవాడూ, పట్టుబడినవాడూ ఒకే ఊళ్ళో.

నేను రెండేళ్ళ క్రితం మా అమ్మాయితో ఎల్లోరా వెళ్ళినప్పుడు ఖుల్దాబాద్ ఆగాను. ఔరంగజేబు సమాధి ఎక్కడంటే అందరూ చూపించారు. తానీషాది ఎక్కడంటే కాసేపు వెతకాల్సి వచ్చింది. అక్కడ నిలబడి, మేం గోల్కొండ నుంచి వచ్చామండీ అని పైకే అన్నాను, మా అమ్మాయి నా వైపు చూసింది కానీ ఏం అనలేదు.

టైమ్ అయిపోయినట్టుంది, లైబ్రరీ వాళ్ళు చూస్తున్నారు. ఈ ఆదివారం నాతో ఆ సమాధులు చూడటానికి వచ్చేవాళ్ళు పేర్లు ఆ పుస్తకంలో రాయండి. నీళ్ళ సీసా తెచ్చుకోండి, చెప్పులు తేలిగ్గా విప్పుకునేవి వేసుకోండి, పిల్లల్ని తప్పకుండా తీసుకురండి. పొద్దున్నే గేటు దగ్గర కలుద్దాం. పెద్దవాటి దగ్గరికి తర్వాత, ముందు ఛోటా మాలిక్ దగ్గరికి వెళ్దాం.